ఇరవై ఐదో తరగతి

జూన్ 2, సోమవారం
ఉదయం 7.10

కొత్త నోటుపుస్తకం! నీలం అట్ట, రెండు వందల పేజీలు. తెరిచి వాసన చూశాను. చాలా బాగుంది. ఇలాంటి వాసనున్న పుస్తకంలో తప్పుడు పని ఎవరూ రాయలేరు.

ఈ రోజు నుంచి నేను వ్యాపారిని. సరుకు: చిన్న మాటలు. మరే, అబ్బే, ఏమో, ఔనా, సరేలే. రోజంతా వాడి పారేసే ఈ మాటల్ని తెల్ల టీషర్టు మీద నల్లగా, పెద్దగా, చొక్కాకి ఒక్కటే వేసి ఆన్‌లైన్లో అమ్ముతాను. డిగ్రీ రెండో ఏడాదిలోకి వచ్చాక నాకు నిఘంటువు పిచ్చి పట్టుకుంది. పెద్ద మాటలకి అందరూ దండాలు పెడతారు. చిన్నవాటిని పట్టించుకునే నాథుడే లేడు. నేనున్నాను!

దుకాణం మాత్రం అక్కది. పేరు "ఉంగా". అక్క ముందు గదిలో అమ్మ మిషను మీద పసిపిల్లల జుబ్బాలు కుట్టి ఆన్‌లైన్లో అమ్ముతుంది. నాలుగేళ్లయింది. 612 మంది తల్లులు మెచ్చుకుంటూ రాశారు. ఆ దుకాణంలో నాకో మూల ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు.

"ఇదిగో నిఘంటూ" అంది. అక్క నన్ను పిలిచే పేరది. "కప్పులమ్మే ఆవిడ సంగతి విన్నావుగా? కప్పు మీద ఏదో మాట అచ్చేసి అమ్మింది. ఆ మాట వేరేవాళ్ల ట్రేడ్‌మార్కట. మూడు ఫిర్యాదులొచ్చాయి. సైటువాళ్లు దుకాణమే ఎత్తేశారు. వెతక్కుండా నా ఉంగాలో ఒక్క అక్షరం పెట్టావో, కత్తెర నా చేతిలోనే ఉంది."

"వెతుకుతానక్కా!"

"వెతికి?"

"రాస్తాను!"

నీలం పుస్తకం అందుకే. (ఈ డైరీ నాకు. ఆ పుస్తకం అక్కకి.) మొదటి పేజీలో నియమాలు:

1. అచ్చుకి ఇచ్చేముందు ప్రతి మాటనీ ట్రేడ్‌మార్కుల రిజిస్టర్లో వెతకాలి.
2. తెలుగులోనూ, ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని స్పెల్లింగులుంటే అన్నిటితోనూ వెతకాలి.
3. వెతికిందంతా రాయాలి.
4. రాయనిదే అచ్చు లేదు.

కింద సంతకం పెట్టాను. సంతకం చివర చుక్క కూడా పెట్టాను. అంత గట్టి నిర్ణయం!

జూన్ 3, మంగళవారం
మధ్యాహ్నం 2.00 నుంచి 3.40 వరకు

మాట: మరే.
తెలుగు లిపిలో: లేదు.
ఇంగ్లీషు అక్షరాల్లో: పదకొండు స్పెల్లింగులు! చివర ఒక ఈ, రెండు ఈలు, ఈ పక్కన వై, ఏ పక్కన వై... రెండక్షరాల మాటకి ఇంత సంసారం ఉందని నాకు తెలియదు. ఒకచోట ఆడగుర్రం తగిలింది. అదే స్పెల్లింగుకి ఇంగ్లీషులో ఆడగుర్రం అని అర్థం. గుర్రపు జీన్లు అమ్మేవాళ్లెవరో పెట్టుకున్నారు. వాళ్లతో మనకి పేచీ లేదు. ఎందుకంటే రిజిస్టర్లో సరుకుల్ని తరగతులుగా విడగొట్టారు. మొత్తం నలభై ఐదు. బట్టలది ఇరవై ఐదు.

సాయంత్రం నాన్న పని నుంచి వచ్చాక గొప్పగా చెప్పాను. నాన్న లిఫ్టులు బాగుచేస్తారు.

"ఇవాళంతా ఇరవై ఐదో తరగతిలో ఉన్నాను నాన్నా."

నాన్న చొక్కా విప్పబోయి ఆగారు. "నువ్వు పద్నాలుగులో ఉన్నావు కదమ్మా? మిగతా పదకొండేళ్లూ ఎప్పుడు చదివావు?"

"మధ్యలో ఆగకుండా పైకి వెళ్లిపోయింది నాన్నా. నీ లిఫ్టులు అలా వెళ్లవుగా" అంది అక్క మిషను ఆపకుండానే.

జూన్ 5, గురువారం
ఉదయం 11.00

"మరే" అచ్చుకి వెళ్లింది! మా వీధి చివర ప్రింటు మాస్టారి కొట్టు. వేడి పలక కింద చొక్కా పెట్టి, పిడి నొక్కి, ముప్పై లెక్కపెడతారు. గోడ మీద ఆయన సొంత బోర్డు: "మీ మాటకు మీదే పూచీ".

"మాటలకి కూడా పట్టాలుంటాయా తల్లీ?"

"ఉంటాయి మాస్టారూ. రిజిస్టర్లో చూసుకునే వచ్చాను."

"అయితే రేపట్నించి నేను 'రండి, కూర్చోండి' అనాలంటే ఎవర్నైనా అడగాలా?"

"అనడానికి అక్కర్లేదండీ. అచ్చేసి అమ్మడానికే."

"భలే. మాట అనొచ్చు, అమ్మకూడదు. మా ఆవిడకి చెప్పకు. ఆవిడ అనడమే చేస్తుంది."

జూన్ 8, ఆదివారం

"మరే" ఆరు అమ్ముడయ్యాయి. ఒకటి నాన్న వేసుకుని పనికి వెళ్లారు. అపార్టుమెంటావిడ "మీ లిఫ్టు మళ్లీ ఆగిపోయిందయ్యా" అని అరిచిందట. నాన్న ఏమీ అనలేదు. చొక్కాయే జవాబిచ్చింది.

"అబ్బే" కూడా వెతికాను. తొమ్మిది స్పెల్లింగులు. దోమల మందు ఒకటి ఉంది, వేరే తరగతి. "ఏమో"కి పన్నెండు. అన్నీ రాశాను. నీలం పుస్తకంలో ఏడు పేజీలు నిండాయి. ఎర్ర సిరాతో గీతలు కొట్టాను. అంత అందమైన పుస్తకాన్ని ఎవరైనా దాచుకుంటారు.

జూన్ 10, మంగళవారం
మధ్యాహ్నం 3.15

"ఔనా". పదహారు స్పెల్లింగులు. సైటు నత్తనడక. ఒక్కో వెతుకులాటకీ ఓ చక్రం తిరుగుతుంది, తిరుగుతుంది, దాంతోపాటు నా తలా తిరుగుతుంది. ఆరు చూశాను.

ఆలోచిస్తే, మిగతా పదీ మనిషన్నవాడు రాసే స్పెల్లింగులు కావు. రెండో నియమానికి చిన్న సవరణ: "ముఖ్యమైన ఆరు స్పెల్లింగులు చాలు." రాజ్యాంగాలకే సవరణలుంటాయి.

జూన్ 12, గురువారం

కాలేజీలో పరీక్ష. "సరేలే"ని ముందు అచ్చుకిచ్చి, తయారయ్యేలోపు వెతికాను. నాలుగు స్పెల్లింగులు. నాలుగో నియమానికి సవరణ: "అచ్చు, వెతుకులాట పక్కపక్కన నడవవచ్చు." సమయం ఆదా!

నాన్న: "తరగతి ఎంతవరకు వచ్చిందమ్మా?"
నేను: "సిలబస్ తగ్గించారు నాన్నా."

జూన్ 14, శనివారం
ఉదయం 9.20, బస్సులో

దొరికింది!! మాటల్లోకెల్లా మాట!

నాలో నేను నవ్వుకుంటుంటే పక్క సీటావిడ "ఏంటమ్మా?" అంది. "ఊరికేనండీ" అన్నాను. అని, అక్కడే ఆగిపోయాను. ఊరికే! కారణం లేకుండా. పని లేకుండా. డబ్బు తీసుకోకుండా. వేరేగా విరిస్తే, ఫలానా ఊరికే అని కూడా. ఇన్ని అర్థాలు ఒళ్లో పెట్టుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుందే! దిగాల్సిన స్టాపు దాటిపోయింది. పోనీ.

10.30. తెలుగు లిపిలో వెతికాను: లేదు. ఇంగ్లీషులో 'యు'తో మొదలుపెట్టి రెండు స్పెల్లింగులు వెతికాను: లేదు. చక్రం మళ్లీ తిరగడం మొదలెట్టింది. మాస్టారు పదకొండింటికి కొట్టు కట్టేసి ఏదో పెళ్లికి పోతారు.

నీలం పుస్తకంలో రాసింది: "ఊరికే. స్పెల్లింగులు పదకొండు. అన్నీ వెతికాను. లేదు."

మిగతావి రేపు ఎలాగూ వెతుకుతాను. రేపటి పని ఇవాళే రాసిపెట్టుకున్నాను, అంతే. దీన్ని ముందుచూపు అంటారు.

అక్క పేజీ చూసి "పదకొండా! కళ్లు పోతాయే" అని నా నుదురు నిమిరింది. పుస్తకం గబుక్కున మూసి కొట్టుకి పరిగెత్తాను. పదకొండు కావస్తోంది మరి.

జూన్ 16, సోమవారం

దుకాణంలో "ఊరికే టీషర్టు" అని పెట్టాను. సాయంత్రానికి ముప్పై ఒక్క సందేశాలు! కొన్ని:

"ఊరికే అని ఉంది కదా, ఎలా తీసుకోవాలి?"
"ఇంటికి రెండు ఇస్తారా? మా తోడికోడలికి కూడా."
"ఏ ఊరికే పంపుతారు? మా ఊరికి పంపరా?"
"ఊరికే అని పిలిచి ఇప్పుడు ధర చెప్తారా? ఆడపిల్లవి, ఇదేం మోసం తల్లీ!"

అందరికీ ఓపిగ్గా జవాబులు: "అమ్మా, ఊరికే అన్నది చొక్కా మీది మాట. చొక్కా ఊరికే కాదు." దానికొకావిడ: "మరి ఊరికే ఎందుకు రాశారు?" "ఊరికేనండీ" అన్నాను.

ఈ సంభాషణ ఎవరో ఫొటో తీసి నలుగురికీ పంపారు. అంతే!

జూన్ 18, బుధవారం

రెండు రోజుల్లో యాభై నాలుగు చొక్కాలు! మడతపెట్టడం, కవర్లో పెట్టడం, చిరునామా అంటించడం. వెతకడానికి తీరికేదీ? నీలం పుస్తకానికి కూడా పదోన్నతి వచ్చింది. మడతలు ఎగిరిపోకుండా చొక్కాల దొంతర మీద పెట్టాను. ఇప్పుడు దానిది నిజంగానే బరువైన బాధ్యత.

జూన్ 19, గురువారం
సాయంత్రం 5.00

వకీలు వచ్చింది. నా స్నేహితురాలు. లా మొదటి ఏడాది. చేరిన రోజు నుంచే తీర్పులు చెప్తుంది కాబట్టి ఆ పేరు.

"ఒసేయ్, 'ఊరికే' వెతికావా?"

"వెతికాను."

"యుతోనా? రెండు ఓలతోనా?"

"యుతో..."

"ఊరుని రెండు ఓలతో రాసేవాళ్లే సగం మంది! అది చూడొద్దూ?"

"రేపు చూస్తానులే."

"కప్పులావిడ కూడా అలాగే అంది."

మొహం మీదే తలుపు వేద్దామనుకున్నాను. తను అప్పటికే లోపల కూర్చుని మా బిస్కెట్లు తింటోంది.

జూన్ 20, శుక్రవారం

కొత్త మాట: చూద్దాం. వెతకలేదు. మాటలోనే ఉంది కదా, చూద్దాం.

అసలు మాటలు ఎవరి సొత్తు? గాలికి పట్టా ఉందా? వానకి రిజిస్టర్ ఉందా? మా అమ్మ అన్న మాట, వాళ్లమ్మ అన్న మాట, నేనంటే తప్పా? దీని మీద మూడు పేజీల వ్యాసం రాశాను. ఆ సమయంలో "ఊరికే" మిగతా తొమ్మిది స్పెల్లింగులూ వెతికేయొచ్చు. కానీ వ్యాసం బాగా వచ్చింది.

జూన్ 21, శనివారం
ఉదయం 11.20

ఫిర్యాదు.

"ఊరికే". రెండు ఓలతో. ఇరవై ఐదో తరగతి. ఆరేళ్ల క్రితమే రిజిస్టరైంది. ఇంట్లో ఊరికే కూర్చునేవాళ్ల కోసం వదులు లాగులు కుట్టే కంపెనీ.

రెండు ఓలు! ఒక నిమిషం పని!

11.40. చొక్కా తీసేశాను. దుకాణం మెయిళ్లు చూసేది నేనే. అక్కకి చెప్పలేదు. మూడిట్లో ఇది ఒకటే కదా. ఆమె కంగారు పడుతుంది. పెద్దవాళ్లని కంగారు పెట్టకూడదు.

మధ్యాహ్నం 1.00. నిఘంటువు తెరిచాను. ఆహా! "ఊరకే" అని ఇంకో రూపం ఉంది! రకి గుడి లేదు. గుడి లేకపోతే దేవుడు వేరు, మాట వేరు! అక్షరం మారిస్తే ఫిర్యాదు ఎలా నిలుస్తుంది? మాస్టారు మారుమాట లేకుండా అచ్చేశారు. బోర్డు వైపు మాత్రం ఓసారి చూశారు.

జూన్ 23, సోమవారం
ఉదయం 10.05

రెండో ఫిర్యాదు. "చదివితే ఒకేలా వినిపిస్తోంది, కొనేవారు పొరబడతారు." పైగా ఒక ముక్క: "మొదటిసారి తెలియక చేశారనుకున్నాం."

నాలుగుసార్లు చదివాను. వాళ్ల తెలుగు బాగుంది.

ఇంకొక్కటి వస్తే దుకాణం లేదు. "ఊరకే" తీసేశాను. "చూద్దాం" తీసేశాను. "ఔనా", "సరేలే" కూడా. నా మూలలో పూర్తిగా వెతికిన మూడే మిగిలాయి. పక్కనే అక్క జుబ్బాలు, చిన్న చిన్న బొత్తాలతో, ఏమీ తెలియకుండా వేలాడుతున్నాయి.

జూన్ 24, మంగళవారం

నేను చెప్పలేదు. దుకాణమే చెప్పింది. అక్క కొత్త జుబ్బా ఫొటో పెట్టబోతే తెర మీద పసుపుపచ్చ పట్టీ: "మీపై రెండు ఫిర్యాదులున్నాయి. మరొకటి వస్తే దుకాణం మూసివేయబడుతుంది."

కాలేజీ నుంచి వచ్చేసరికి మిషను చప్పుడు లేదు. మా ఇంట్లో మిషను ఆగడం అంటే పండగైనా కావాలి, జబ్బైనా చెయ్యాలి. అక్క ఒళ్లో నీలం పుస్తకం.

"ఇందులో పదకొండూ వెతికానని రాశావు."

"రెండే వెతికానక్కా."

"రెండు."

"సైటు తిరుగుతోంది... మాస్టారు పెళ్లికి..."

"ఆయన్ని లాగకు." పేజీ మీద వేలు పెట్టింది. "తప్పు ఎవరైనా చేస్తారు. కుట్టు తప్పితే నేనూ విప్పి మళ్లీ కుడతా. కానీ నువ్వు దీన్ని రాశావే. నువ్వు రాశావు కాబట్టే నేను చూడలేదు. నీకు మాటలంటే ప్రాణం కదా, అబద్ధానికి వాడదులే అనుకున్నా."

మెయిళ్లు తెరిచి రెండు ఫిర్యాదులూ అక్క ముందు పెట్టాను.

అక్క రెండూ చదివి అడిగింది. "వాళ్లెవరో ఆరేళ్ల కిందటే రాయించుకున్నారు. మరి మనది?"

"మనదేంటి?"

"ఉంగా. నువ్విన్ని మాటలు వెతికావు కదా, మన పేరు ఎప్పుడైనా వెతికావా?"

వెతకలేదు. అసలు తోచనే లేదు.

జూన్ 25, బుధవారం
ఉదయం 6.30

మాట: ఉంగా.
తెలుగు లిపిలో: లేదు.
ఒకటో స్పెల్లింగు: లేదు. రెండు: లేదు. మూడు, నాలుగు: లేదు. ఐదు: చక్రం. మళ్లీ చక్రం. లేదు. ఆరు: లేదు.

(నా సవరణ ప్రకారం ఇక్కడ ఆపేయాలి.)

ఏడు: లేదు.

ఎనిమిది. ముందు రెండు ఓలు, చివర రెండు ఏలు. ఉంది.

ఇరవై ఐదో తరగతి. పసిపిల్లల దుస్తులు. ఏదో పెద్ద కంపెనీ. ఇంకా రిజిస్టర్ కాలేదు, దరఖాస్తు ప్రకటించారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే జూలై 4లోగా చెప్పాలట. ఆ తర్వాత పేరు వాళ్లదైపోతుంది. అప్పుడు ఫిర్యాదు చేసేది వాళ్లు. మూడోది అదే.

తొమ్మిది రోజులు.

అక్కని లేపాను. నిద్రకళ్లతో ఆ ఎనిమిదో స్పెల్లింగు చదివి, "మన పేరుని ఇలా కూడా రాయొచ్చా?" అంది. అంతే.

8.00. వకీలుకి ఫోన్ చేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టింది. తర్వాత అంది: "ఏడవకు. అక్క ముందునుంచీ ఆ పేరుతో అమ్ముతోందని రుజువులు కావాలి, తేదీలతో సహా. అభ్యంతరం రాయడానికి మా కాలేజీ మేడమ్‌ని సాయం అడుగుతా. ఈసారి రెండు చూసి పదకొండని రాశావంటే మాత్రం నేనే నీ మీద కేసు వేస్తా."

జూన్ 28, శనివారం

612 మంది తల్లుల మాటల్నీ ఒక్కొక్కటిగా తీసి, తేదీ వేసి రాస్తున్నాను. ఆరు చాలు అనలేదు. వకీలు అన్నా నేను వినలేదు.

ఇవాళ అన్నిటికంటే మొదటిది దొరికింది. నాలుగేళ్ల కిందటిది. అప్పటికి దుకాణానికి పేరే లేదు. "జుబ్బా తొడగ్గానే మా పాప ఉంగా అంది. ఆవిడకి నచ్చినట్టే." దాని కింద అక్క జవాబు: "అయితే ఇకనుంచి మా దుకాణం పేరు అదేనండీ." తేదీ, సమయం అన్నీ ఉన్నాయి.

ఇన్నాళ్లూ నేను పెద్ద మాట, చిన్న మాట అని రాస్తున్నాను. ఉంగా ఏ నిఘంటువులో వెతికినా నాకు ఇంత అర్థం దొరకదు.

జూన్ 30, సోమవారం
మధ్యాహ్నం 12.10

అభ్యంతరం దాఖలైంది. తొమ్మిది పేజీలు. రసీదు వచ్చింది. తేలడానికి నెలలు పడుతుందట. అయినా గడువులోపల పడింది. వకీలు వాళ్ల మేడమ్ తేదీలు చూసి "గట్టిగానే ఉంది" అన్నారు.

సంతకం చేసేముందు అక్క తొమ్మిది పేజీలూ చదివింది. ప్రతి అక్షరం. వేలు పెట్టుకుని. ఇదివరకు నేను రాసింది అలా చదివేది కాదు.

నీలం పుస్తకంలో ఆ పేజీ చింపేయబోయాను. చెయ్యి పట్టుకుంది. "ఉండనీ. చింపితే మళ్లీ అబద్ధమే."

సాయంత్రం నాన్న: "మొత్తానికి ఇరవై ఐదో తరగతి పాసయ్యావా?"

"ఫెయిల్ నాన్నా. మళ్లీ మొదట్నించి."

"పర్లేదమ్మా. నేను పదో తరగతి మూడుసార్లు రాశా. ఆ పాఠాలు నాకిప్పటికీ కంఠతా." ఆయన ఒంటి మీద "మరే" ఉంది.

జూలై 1, మంగళవారం
ఉదయం 7.10

అదే నీలం పుస్తకం. చొక్కాల మీంచి దింపి తుడిచాను. కొత్త పేజీ. నియమాలు మళ్లీ రాశాను. ఈసారి ఒక్కటే:

1. చేశాక రాయాలి.

సంతకం. చుక్క పెట్టలేదు. గట్టిదనం చుక్కలో లేదని తెలిసింది.

అక్క షరతు: ఒక్కో మాట వెతికాక పుస్తకం ఆమెకివ్వాలి. నాలుగైనా పద్నాలుగైనా, స్పెల్లింగులు తను కూడా వేరేగా వెతికి చూస్తుందట. "నమ్మకం లేకా?" అన్నాను. "ఉంది. చూసుకుంటా" అంది.

కొత్త మాట ఒకటి తోచింది. నిన్న నాన్న అన్న మాటల్లోంచే. చిన్నది. చాలా చాలా బాగుంది! చొక్కా మీద ఎలా ఉంటుందో కూడా కళ్ల ముందే కనిపిస్తోంది. ఏమిటో ఇక్కడ కూడా రాయను. ముందు వెతకాలి.

7.25. తెలుగు లిపిలో: లేదు.
7.31. ఒకటో స్పెల్లింగు: లేదు.
7.40. రెండోది: లేదు.
7.52. చక్రం తిరుగుతోంది. ఇంకా తొమ్మిదున్నాయి. కాలేజీ బస్సు ఎనిమిదింటికి. మిగతావి సాయంత్రం చూసుకుని, పుస్తకంలో మాత్రం ఇప్పుడే...

7.53. బస్సు పోతే పోనీ. మూడోది.